తడి పడుగు

గుడియాత్తం మగ్గాల వీధి వెనకున్న మైదానాన్ని జేసీబీ తవ్వుతుంటే మేమంతా చూస్తూ నిలబడ్డాం. సిగ్గుతో చెబుతున్నాను, వారం రోజులు చేతులు కట్టుకునే నిలబడ్డాం.

తప్పు మాదే. ఇంటికని మట్టి అడిగితే మా వాళ్ళు కాదనరు. వేలూరు విమానాశ్రయం పక్కన సిబ్బందికి ఏసీ అక్కర్లేని కట్టడం లేస్తోందనీ, గోడలన్నీ దిమ్మిసతో కుదించిన ఎర్రమట్టేననీ కాంట్రాక్టరు మనిషి గిరిప్రసాద్ బొమ్మ చూపించాడు. వీధి పెద్ద శంకరలింగం మురిసిపోయాడు.

"తీసుకో నాయనా, మట్టికి ఎవురన్నా అడ్డం చెప్తారా?"

బండెడనుకున్నాడు పాపం. లారీల మీద లారీలు పోయాయి. నేతకు ముందు పడుగు నూలు బారుగా సాచి గంజి పెట్టుకునే నేల సగం గుంటైంది. మిగతా సగమూ పోతే మగ్గాలు మూలపడ్డట్టే.

జేసీబీ నడిపే దేవేంద్రన్ మా ఇంట నీళ్ళు తాగుతూ అన్నాడు: "ఆ గోడలు చల్లగుంటాయక్కా. కట్టే మేము మాత్రం రేకుల షెడ్డులో మాడతా ఉండాము."

కూటం పెట్టాం.

"సత్తువాచారికి పోయి కలెక్టరుకు మనవి ఇచ్చొస్తాం" అన్నాడు శంకరలింగం.

"ఆయన చదివేలోపల ఈడ మన్నే ఉండదు!" ఒంటరిగా మగ్గం నడిపే రాజాంబాళ్ లేచింది. "భూమి చల్లగుండాలని కడతారంట. మన కడుపులు మాడ్చేనా? పొద్దున నా పడుగు సాస్తా. అందురూ రాండి."

మా వీధిలో కట్టుబాటొకటుంది. ఎవరి పడుగైనా, గంజి పెట్టాక ఆరేదాకా దాని కొసకర్ర పట్టిన చెయ్యి వదలకూడదు. వదిలితే పోగులు అంటుకుని మొత్తం పాడు.

పొద్దున లారీల దారికి అడ్డంగా పడుగు సాచి గంజి పెట్టాం. గిరిప్రసాద్ పోలీసులతో వచ్చాడు.

"జరగండమ్మా! ఇది పర్యావరణానికి మంచి పని."

"మంచిదే అప్పా, మా నేల మింగి చేస్తావా? పడుగు తడిగా ఉండాది, పో!" అంది కొసకర్ర పట్టుకున్న రాజాంబాళ్.

పోలీసులు రాజాంబాళ్ రెక్క పట్టి లాగారు. "ఎవురన్నా కొస పట్టుకోండే!" అని అరిచింది. శంకరలింగం ఏడుస్తూ పరిగెత్తి కొసకర్ర అందుకున్నాడు. ఆ ముసలాయన్నీ జీపెక్కించారు. నేను పట్టుకున్నాను. నన్నూ లాగారు. కర్ర చేతిలోంచి జారిపోతోంది.

అంతలో జేసీబీ ఇంజను ఆగింది. దేవేంద్రన్ దిగొచ్చి, చేతుల మట్టి లుంగీకి తుడుచుకుని, కర్ర పట్టుకున్నాడు.

"ఎంతసేపు పట్టుకోవాలమ్మా?"

జీపులోంచి రాజాంబాళ్ గొంతు చించుకుంది: "ఆరేదాకా నాయనా! ఒదలొద్దు!"