దొరగారి ఆకలి

తాగుడు మాన్పించే కేంద్రం వాళ్ల వ్యాను చెప్పిన వేళకన్నా ముందే వచ్చి వీధిలో నిలబడింది. తమ్ముడు మాత్రం భుజాన బట్టల సంచీ, రెండు చేతుల్లో గాజు తొట్టితో అక్క వంటింట్లో చోటు వెతుకుతున్నాడు. తొట్టిలో ఒకే ఒక్క బెట్టా చేప. నీలం ఒళ్లు, పట్టుచీర కుచ్చిళ్లలా జారే ఎర్ర రెక్కలు. ఇంకో మగ బెట్టా కనబడితే చాలు కొట్లాటకు దిగే రకం, అందుకే ఒంటరి కాపురం. తమ్ముడు దానికి దొరగారని పేరు పెట్టుకున్నాడు.

"దీనికి తిండి ఎక్కువ పెట్టకక్కా. వీడి పొట్ట వీడి కన్నంతే ఉంటుంది. పొద్దున..."

"ముందు నీ సంగతి చూసుకోరా. హారన్ కొట్టి కొట్టి వాళ్లు వెళ్లిపోయేలా ఉన్నారు. చేపను నేను చూసుకోలేనా?"

తమ్ముడు తొట్టిని కిటికీ కింద రాతి గట్టు మీద పెట్టి, ఒకసారి వంగి చూసి, వెళ్లిపోయాడు. ఎవరూ బలవంతం చేయలేదు. తనంతట తానే వెళ్తానన్నాడు. పది రోజుల వరకూ ఫోన్లుండవని కేంద్రం వాళ్లు ముందే చెప్పారు.

అక్కను ఆ చుట్టుపక్కల అందరూ పళ్లమ్మ అంటారు. కొత్తవాళ్లు అరటిపళ్లు అమ్ముతుందనుకుంటారు. నిజానికి ఆమె పని పంటి డాక్టర్ల కోసం కట్టుడు పళ్ల సెట్లు చేసే ల్యాబులో. మైనం చిగుళ్లలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు. అమ్మానాన్నలు పోయాక ఆమెకు తమ్ముడు, తమ్ముడికి ఆమె. రంగుల దుకాణంలో రంగులు కలిపే ఉద్యోగం అతనిది. రెండేళ్లుగా తాగుడు.

వ్యాను మలుపు తిరిగాకే ఆమెకు గుర్తొచ్చింది, చేప తిండి డబ్బా ఇవ్వనే లేదని.

బ్రెడ్డు ముక్క నలిపి వేసింది. దొరగారు పైకొచ్చి, నోట్లోకి లాక్కుని, తుపుక్కున ఉమ్మేశాడు. మెతుకు వేసింది. అదీ అంతే. సాయంత్రం కిరాణా కొట్లో గోల్డ్ ఫిష్ బొమ్మ ఉన్న డబ్బా కనిపిస్తే తెచ్చి, రంగురంగుల రేకులు చిటికెడు చల్లింది. దొరగారు వాటివైపు కన్నెత్తి చూడలేదు. తెల్లారేసరికి రేకులు కరిగి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా అయ్యాయి. సగం మార్చింది.

రెండోరోజు ల్యాబులో ఆమెకు పనిమీద ధ్యాస నిలవలేదు. పక్క టేబుల్ దగ్గర పళ్లకు మెరుగుపెట్టే పెద్దాయన, ల్యాబులో అందరికీ బాబాయి, ఆమె చేసిన సెట్టు చేతిలోకి తీసుకుని కళ్లు చిట్లించాడు.

"ఏమ్మా, కోరపన్ను వచ్చి ముందు కూర్చుంది? ఇది పెట్టుకుని ఆయన నవ్వాడంటే ఇంట్లో పిల్లలు దడుచుకుంటారు."

"చేప తినడం లేదు బాబాయ్."

"చేపకోసమా ఇంత దిగులు? పోతే ఇంకోటి కొనుక్కో."

ఆమె అంత కోపంగా చూస్తుందని బాబాయి అనుకోలేదు. వెంటనే సర్దుకున్నాడు. "ఉడికిన బఠాణీ పెట్టి చూడు మరి. మా తోడల్లుడు పెడతాడు." పంటి అచ్చులు పోసే అమ్మాయి ఎండురొయ్యల పొడి అంది. పార్సిల్ తెచ్చినతను గుడ్డు పచ్చసొన అన్నాడు. పళ్లమ్మ మూడూ ప్రయత్నించింది. దొరగారు మూడూ ఉమ్మేశాడు.

నాలుగో రోజు ఉండబట్టలేక కేంద్రానికి ఫోన్ చేసింది.

"పదో రోజుదాకా మాట్లాడించం మేడమ్."

"మాట్లాడించక్కర్లేదు. తింటున్నాడా? అదొక్కటి చెప్పండి."

"మొదట్లో ఎవరికీ తిండి సయించదు మేడమ్. మేం చూసుకుంటున్నాం."

ఫోన్ పెట్టేసి ఆమె వంటింట్లో నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ తిరిగింది. పొయ్యి గట్టు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. తమ్ముడికి తానేం చేయగలదని? ఈ గాజు తొట్టి ఒక్కటే చేతికి అందుతోంది, అదీ మాట వినడం లేదు.

మర్నాడు భోజనాల వేళ అన్నం మానేసి చేపల దుకాణానికి వెళ్లింది. ఇరుకు కొట్టు, గోడలనిండా బుడబుడమనే తొట్లు. కళ్లజోడు నెత్తికి ఎక్కించుకున్న ఒక పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. పళ్లమ్మ పెట్టినవన్నీ వరసగా చెప్పింది. పెద్దావిడ చివరిదాకా విని లేచింది.

"వాడు మాంసం తినేవాడమ్మా. నోరు పైకి తిరిగి ఉంటుంది చూశావా, నీటిమీద వాలిన పురుగుని పట్టుకునేందుకు. వాడికి బ్రెడ్డెందుకు, బఠాణీ ఎందుకు? గోల్డ్ ఫిష్ రేకుల్లో పిండే ఎక్కువ." చిన్న డబ్బా ఒకటి తీసి వెనకవైపు చూపించింది. "ఏం కొన్నా ఇక్కడ చదువు. మొదటి మాట చేపో, రొయ్యో అయ్యుండాలి. గోధుమపిండి అని మొదలైతే పక్కన పెట్టెయ్. ఈ గుళికలు పొద్దున రెండు, సాయంత్రం రెండు. వారానికి ఒకసారి గడ్డకట్టించిన ఎర్రపురుగులు, కరిగించి, రెండంటే రెండే. ఒకరోజు పస్తు."

"పస్తా?"

"పస్తే. ఏదీ, ఫోటో ఉందా?"

ఫోన్లో ఫోటో చూడగానే ఆవిడ కళ్లజోడు నెత్తిమీంచి ముక్కుమీదకు దిగింది. "తోక అంచున చిన్న ముక్క పోయింది. ఇది మా రంగులబ్బాయి చేప కదూ!"

"నేను వాళ్ల అక్కను."

"ప్రతి శనివారం వస్తాడు. ఒక్క డబ్బా కొనడానికి ముప్పావుగంట. ఈ గుళిక నోటికి పెద్దదవుతుందా, ఇందులో రంగు కలిపారా, అన్నీ కావాలి. ఒకసారి కొనుక్కుని వెళ్లి, అనుమానమొచ్చి, వానలో వెనక్కొచ్చాడు."

పళ్లమ్మ అడగకూడదనుకుంటూనే అడిగింది. "తాగి వచ్చేవాడా?"

"మొదట్లో ఒకసారి వాసనొచ్చింది. బయటికి పొమ్మన్నాను. ఆ తరవాత శనివారం ఎప్పుడూ వాసన లేదు."

డబ్బా సంచీలో వేసుకుని బయటికొచ్చింది. సంతోషించాల్సిన మాటే. కానీ ఆమెకు కోపం ముంచుకొచ్చింది. కిందటేడు అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక్క పూట తాగకుండా ఆగలేదు. తనకు పచ్చకామెర్లొచ్చి మంచాన పడ్డప్పుడు ఆగలేదు. చేప తిండి కోసం వారం వారం ఆగాడా? ల్యాబుకి వెళ్లే దారి దాటి రెండు వీధులు ముందుకు నడిచాక గానీ ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం దొరగారికి గుళిక వేసింది. ఉమ్మేశాడు. మైనం చెక్కే సన్నకత్తితో దాన్ని రెండుగా కోసి, నీళ్లలో నానబెట్టి వేసింది. వాసన చూసి తిరిగి అడుక్కు పోయాడు. పెద్దావిడకు ఫోన్ చేసింది.

"నీళ్లలో వేలు పెట్టు. ఎలా ఉన్నాయి?"

"చల్లగా."

"అదీ సంగతి. చల్లటి నీళ్లలో వాడికి ఆకలే పుట్టదు. నువ్వు అమృతం పెట్టినా అంతే."

కిటికీ గాలి తగిలే రాతి గట్టు మీంచి తొట్టిని గదిలోకి మార్చింది. చిన్న హీటరు తెచ్చి పెట్టింది. ఆరో రోజు పొద్దున దొరగారు రెక్కలు విప్పి పైకొచ్చాడు. ఒక గుళిక మింగాడు. రెండోది మింగాడు. పళ్లమ్మ గట్టిగా నవ్వేసింది, ఒక్కత్తే. ఆ సంబరంలో మూడోది వేసింది. అడుగుతున్నట్టే చూస్తున్నాడు మరి. నాలుగు, ఐదు. ల్యాబుకి వెళ్లేలోపు ఎనిమిదయ్యాయి. సాయంత్రం ఇంకో నాలుగు.

ఏడో రోజు పొద్దున దొరగారు తొట్టి అడుగున పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. పొట్ట గోళీలా ఉబ్బింది.

"ఎక్కువ పెట్టకక్కా." వెళ్లేముందు తమ్ముడు చెప్పిన ఒకే ఒక్క మాట అది. దాన్ని కూడా పూర్తి చేయనివ్వలేదు తాను.

"ఏం మందు వేయను?" అంది ఫోన్లో పెద్దావిడతో.

"ఏమీ వేయకు. మూడు రోజులు పస్తు. నీళ్లు వెచ్చగా ఉంచు, అంతే."

"ఇంకేం చేయాలి?"

"ఏమీ చేయకూడదమ్మా!"

ఆ మూడు రోజులూ ఆమె ప్రాణానికి కుదురు లేకపోయింది. చెయ్యి డబ్బామీదకు పోతూనే ఉంది. చివరికి డబ్బా ల్యాబుకి తీసుకెళ్లి బాబాయి చేతిలో పెట్టింది. "నేనడిగినా ఇవ్వకు." బాబాయి దాన్ని తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. మధ్యాహ్నానికే ఆమె వచ్చి నిలబడితే, "ఎవరమ్మా నువ్వు? నేనెరగనే," అని మెరుగుచక్రం తిప్పుకున్నాడు.

పదో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. తమ్ముడి గొంతు బొంగురుపోయింది.

"అక్కా. దొరగారెలా ఉన్నాడు?"

అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "ఎక్కువ పెట్టేశానురా. పొట్ట ఉబ్బింది. పస్తు పెట్టాను. ఇవాళే కాస్త తగ్గి ఈదుతున్నాడు."

"అయితే ఫర్వాలేదు. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోవడం కష్టం కదా."

"ప్రాణం పోతోంది." ఆమె ఊపిరి తీసుకుంది. "ఒరేయ్, శనివారాలు తాగకుండా ఆగేవాడివట. కొట్టావిడ చెప్పింది. దానికోసం ఆగినవాడివి మాకోసం ఒక్కరోజు ఎందుకు ఆగలేదురా?"

అవతల ఎవరో దగ్గుతున్నారు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"ఆవిడ బయటికి పొమ్మంటుందక్కా. నువ్వు, నేనెలా వచ్చినా తలుపు తీసేదానివి."

మాట్లాడటానికిచ్చిన ఐదు నిమిషాలూ అయిపోయాయని అవతల ఎవరో అన్నారు. ఫోన్ ఆగిపోయింది. ఆమె గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి గదిలోకి తిరుగుతూనే ఉంది.

కేంద్రం వాళ్లు ఉండాలన్న రెండు నెలలూ తమ్ముడు ఉన్నాడు. మధ్యలో ఒకసారి సంచీ సర్దుకుని గేటు దాకా వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లాడట. చిక్కిపోయి ఇంటికొచ్చిన రోజున పళ్లమ్మ అతన్ని కూర్చోమని కూడా అనకుండా, ఎన్నాళ్లుగానో మనసులో వల్లె వేసుకున్న మాట అనేసింది.

"ఇకమీదట అలా వస్తే తలుపు తీయను."

"తీయకు," అన్నాడు తమ్ముడు.

అన్నం తిన్నాక, తను పనిచేసే రంగుల దుకాణం వెనక గది ఇస్తామన్నారని చెప్పి, తొట్టి ఎత్తుకుని బయల్దేరాడు. ఇక్కడే ఉండమని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు.

ఆ తరవాత వచ్చిన మొదటి శనివారం సాయంత్రం, తమ్ముడు వచ్చాడా, వాసనొచ్చిందా అని అడగడానికి ఆమె చేపల కొట్టావిడ నంబరు నొక్కింది. మోగకముందే కట్ చేసింది. మళ్లీ నొక్కి, మళ్లీ కట్ చేసింది. ఫోన్ ఇంట్లోనే వదిలేసి, చెప్పులేసుకుని, ఆ కొట్టు వైపు వెళ్లని వీధి చూసుకుని, అటు నడవడం మొదలుపెట్టింది.