లావు టైరుకు చోటు

చెల్లెలి ఒంటిచక్రం సైకిలుకు లావు టైరు పట్టలేదు. చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కాళ్లకు రెండు పక్కలా రుద్దుకుంటోంది. ఆ టైరు ఉంటేనే కొండ మీది రాళ్లదారిలో దిగగలనని ఆమె పట్టుబట్టింది. వెల్డింగ్ పని చేసే అన్న ఫోర్కు కాళ్లను లోపలి వైపు ఆకురాయితో అరగదీశాడు.

"ఇంకా తగులుతోంది అన్నయ్యా."

మళ్లీ అరగదీశాడు. ఈసారి చక్రం గిర్రున తిరిగింది.

"పరవాలేదే, నీకూ పనొచ్చు!" అని వెక్కిరిస్తూ చెల్లెలు హెల్మెట్ పెట్టుకుని, సీటు మీద చెయ్యి వేసింది.

"ఆగవే, రజను తుడవనీ."

గుడ్డతో ఫోర్కు లోపలి వైపు తుడుస్తుంటే, అతని బొటనవేలి కింద ఫోర్కు కాలి గొట్టం రేకు డబ్బాలా నొక్కుకుపోయింది. రెండో కాలూ నొక్కి చూశాడు. అదీ అంతే. గొట్టం లోపల బోలుగా ఉంటుందని, తాను ఇంతసేపూ అరగదీసింది దాని పలచటి గోడనేనని ఇన్నేళ్లు గొట్టాలు అతికించినవాడికి తట్టనే లేదు. గుడ్డ కింద పడేసి ఆ నొక్కునే చూశాడు.

"ఏంటన్నయ్యా, దెయ్యాన్ని చూసినట్టు?"

ఆమె వేలు పట్టుకుని ఆ నొక్కు మీద పెట్టాడు. వేలు దిగింది. ఆమె షెడ్డు కిటికీలోంచి కొండ వైపు చూసి, మెల్లగా హెల్మెట్ తీసేసింది.

"వెడల్పు ఫోర్కు కొత్తది చేస్తాలే. దీన్ని మాత్రం ఎక్కకు" అన్నాడు.

"సరేలే. ముందు నువ్వు కూర్చో. నాకంటే ముందు నువ్వే పడేలా ఉన్నావు."