మూడు ఓట్ల తేడా

మెల్‌బోర్న్ శివార్లలో మా మెరివేల్ నియోజకవర్గానికి మా అక్క కొడుకు రస్సెల్ పన్నెండేళ్ళు ఎమ్మెల్యేగా ఉన్నాడు. ఆ పన్నెండేళ్ళలో వాడు చేసిందల్లా రిబ్బన్లు కత్తిరించడం, పొట్ట పెంచడం. అయినా మావాడు. వాడి ముక్కు తుడిచిన చేతులివి. నాలుగోసారి నిలబడ్డప్పుడు మూడంటే మూడు ఓట్ల తేడాతో వెనకబడ్డాడు. అవతల గెలుపు మీదున్నది పళ్ళ డాక్టరమ్మ వెండీ.

మళ్ళీ లెక్కపెట్టమని రస్సెల్ అర్జీ పెట్టుకున్నాడు. వాడి తరఫు కౌంటింగ్ ఏజెంటుగా నేనూ వెళ్ళి కూర్చున్నాను. మంచి ఓట్లు ఎన్నిసార్లు లెక్కపెట్టినా అదే మూడు. ఇక మిగిలింది చెల్లని ఓట్ల కట్ట. అందులో నాలుగు ఓట్లు మావైతే చాలు, సీటు నిలుస్తుంది. రస్సెల్ గోళ్ళు కొరుకుతున్నాడు.

ఎన్నికల అధికారి ఒక్కో కాగితం ఎత్తి చూపిస్తున్నాడు. మా దగ్గర ఓటంటే అభ్యర్థులందరికీ ఇష్టం వరుసలో ఒకటి, రెండు అని అంకెలు వేయడం. కొందరు అవి వేయకుండా బొమ్మలు గీశారు. ఏం బొమ్మలో చెప్పను గానీ, చేయి తిరిగినవాళ్ళే గీశారు.

తర్వాతి కాగితం చూసి ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆరుగురు అభ్యర్థులకీ అంకెలు సరిగ్గానే ఉన్నాయి. రస్సెల్‌కి ఒకటి. కానీ కింద ఉత్తరం రాశారు."

"ఏమని?" అన్నాడు రస్సెల్.

"'ఒరే రస్సెల్, గానెట్ వీధి బస్టాపుకి పైకప్పు వేయించు. వానకి తడిసి చస్తున్నాం. ఇట్లు, ఈనిడ్ పిన్ని, ఏడో నంబరు ఇల్లు.' ఓటరు ఎవరో తెలిసిపోతోంది. చెల్లదు."

వెండీ మనుషులు నవ్వు ఆపుకోలేక దగ్గారు. రస్సెల్ నా వైపు తిరిగాడు.

"ఎన్నేళ్ళుగా రాస్తున్నావు పిన్నీ ఇలా?"

"నువ్వు నిలబడ్డప్పటి నుంచీ. నీ ఆఫీసుకి రాస్తే అక్కడ పనిచేసే పిల్ల చదివి పారేస్తుంది. ఓటు కాగితమైతే నువ్వే చూసుకుంటావనుకున్నాను."

"ఒక్కసారీ జవాబు రాలేదు కదా. అనుమానం రాలేదా?"

"ఎమ్మెల్యేవి కదరా. జవాబు రాకపోతే అనుమానమెందుకు?"

అధికారి ఇంకో మూడు కాగితాలు ఎత్తాడు. మేవిస్ ఇంటి ముందు గుంత. డల్సీకి పక్కింటి కుక్క. ఫే అయితే తన మోకాలి నొప్పి గురించి కూడా రాసింది. మూడింటికీ కింద పేరూ, ఇంటి నంబరూ ఉన్నాయి. మూడూ వాడికే వేసిన ఓట్లు.

రస్సెల్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నాలుగు.

"వీళ్ళకెవరు నేర్పారు?"

ముగ్గురూ నా పేకాట జట్టేననీ, ఆట మధ్యలో టీ తాగేటప్పుడు నేనే నేర్పాననీ చెప్పేశాను. అబద్ధమాడదామనుకున్నాను గానీ, ఫే తన ఉత్తరంలో 'ఈనిడ్ ఇలా రాయమంది' అని కూడా పెట్టింది. అది ఆమె మంచితనం.

వాడు లేచి వెళ్ళి వెండీకి చేయి కలిపాడు. తర్వాత నా పక్కనే నిలబడి పెళ్ళానికి ఫోన్ చేశాడు.

"పోయింది జానిన్. లేదు, ఓడించింది వెండీ వాళ్ళు కాదు. మా పిన్ని." కాసేపు విన్నాడు. మొహం ఇంకా ముడుచుకుపోయింది.

"ఏమంటోంది?" అన్నాను.

"నీకు దణ్ణం పెట్టమంది. పన్నెండేళ్ళ తర్వాత మొగుడు ఇంట్లో కూర్చుని అన్నం తింటాడట."