ఓడ తప్పిన చెన్సా

నీలం రంగు ప్లాస్టిక్ సంచి జిప్పును చెన్సా మూడుసార్లు మూసి తీసి చూసింది. సగం దాకా వచ్చాక అది పట్టేస్తోంది. అక్కడ కొవ్వొత్తి మైనం రాసి మళ్ళీ లాగింది. ఈసారి జారింది. సంచిలో ఏమీ లేదు. పొద్దున ఖాళీగా ఉండడం దాని ధర్మం. సాయంత్రం కూడా ఖాళీగానే కొక్కేనికి చేరితే ఆ రోజు మంచిదైనట్టు.

ఓడ ఏడింటికే వచ్చి రేవుకు ఆనుకుంది. ఎనిమిది అంతస్తుల తెల్లని ఓడ. అది నిలబడితే వెనకనున్న కోటగోడ సగానికి సగం కనబడకుండా పోతుంది. నిన్న సిరాకూజ, ఇవాళ ఈ దీవిలోని వాలెట్టా, ఎల్లుండి క్రీటు. మూడువేల ఏళ్ళ చరిత్రను పన్నెండు రోజుల్లో, పూట పూటకూ విందుతో సహా చూపిస్తామని ఓడవాళ్ళ నిగనిగలాడే పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకంలో చెన్సా గది లేదు. పాత గిడ్డంగుల వరుసలో, ఎర్ర తలుపున్న వంపు కింద, ఒక బల్ల, రెండు కుర్చీలు, టీ కాచుకునే పొయ్యి ఉన్న రాతిగది అది.

ఆమెకు అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పయిన భుజాలు. తన జుట్టు తనే కత్తిరించుకుంటుంది కనుక మెడ దగ్గర ఒక పక్క ఎప్పుడూ పొడుగు. ఓడల ఏజెంటు కంపెనీ ఇచ్చిన ముదురు నీలం కోటుకు నాలుగో గుండీ రంగు వేరు. చీలమండలు వాచి ఉంటాయి. అందుకని మగవాళ్ళ బూట్లు వేసుకుంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె చేసే పని ఒకటే. ఓడ కదిలే పావుగంట ముందు ఓడ మెట్ల దగ్గర నిలబడాలి. ఊరు చూడడానికి దిగినవాళ్ళలో ఎవరు తిరిగి ఎక్కలేదో లోపల తేలుతుంది. వాళ్ళ పాస్‌పోర్టులను ఓడ ఆఫీసులోంచి తెచ్చి అధికారి ఆమె చేతికిస్తాడు. వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి ఓడను అందుకున్నారా, అధికారికి తిరిగి ఇచ్చేస్తుంది. అందుకోలేదా, ఓడ వెళ్ళిపోయాక ఈ భూమ్మీద వాళ్ళు చూసే మొదటి ముఖం ఆమెది.

అలాంటివాళ్ళను చాలామందిని చూసింది. పై తోటలో బెంచీ మీద ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోయిన దంతవైద్యుల జంట. తలుపు తట్టే ఇత్తడి చేపను మోజుపడి కొని, దాని బరువుతో పరుగెత్తలేక, అలాగని వదల్లేక, రేవు మధ్యలో కూలబడిన జర్మన్ ఆసామి. వాళ్ళు ఏడుస్తారు, తిడతారు. ఆమె చిక్కటి పాలు కలిపిన టీ గ్లాసులో పోసి ముందు పెడుతుంది. "తాగండి. ఓడ ఎక్కడికీ పోదు, పక్క రేవుకే పోతుంది," అంటుంది. అంతకు మించి ఓదార్చడం ఆమెకు చేతకాదు.

"ఏం, ఓడ తప్పిన చెన్సా!" బయట నుంచి స్పీరు గొంతు. అతనిది గుర్రబ్బండి. పాతికేళ్ళుగా అదే నీడలో బండి ఆపుతాడు. పాతికేళ్ళుగా అదే పలకరింపు. "ఇవాళ నీ కులంలో ఎంతమందిని కలుపుకుంటున్నావు?"

"నీ గుర్రాన్ని ముందు కలుపుకోవాలి. నిన్ను లాగలేక చస్తోంది."

"దానికేం, మహారాణి. బరువంతా నా నెత్తినే."

ఆ దీవిలో ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంటుంది. అసలు పేరు చెబితే ఉత్తరం చేరదు గానీ మారుపేరు చెబితే మనిషి దొరుకుతాడు. చెన్సాకు ఆ పేరు ఇరవయ్యొకటో ఏట వచ్చింది. సమాధి రాయి మీద కూడా అదే చెక్కుతారేమోనని స్పీరు అప్పుడప్పుడు నవ్వుతాడు.

ఎనిమిదిన్నరకు యాత్రికులు దిగసాగారు. ఒక్కొక్క బస్సుకు ఒక్కొక్క నంబరు. గుండె మీద ఆ నంబరు చీటీ అంటించుకోవాలి. మెట్ల చివర ఒక పొడుగాటి ముసలాయన ఆగి, తన భార్య ఎడమ భుజం కింద పదిహేడో నంబరు చీటీ అంటించాడు. వెనక్కి జరిగి చూశాడు. "వంకరగా ఉంది," అని పీకి మళ్ళీ అంటించి, బొటనవేలితో రెండుసార్లు గట్టిగా ఒత్తాడు. అంతసేపూ ఆమె తపాలా పెట్టెలా నిశ్చలంగా నిలబడింది. డెబ్భై దాటి ఉంటాయి. తెల్లటి గుడ్డ బూట్లు, బూడిద రంగు గౌను.

"ఓడ ఎక్కడం అయిదు లోపు. అంతే కదా?" ముసలాయన చెన్సాను అడిగాడు. "మా ఆవిడ ముందు ఒకసారి చెప్పండి. గడియారం చూడడం ఆమెకు యాభయ్యేళ్ళుగా నేర్పుతున్నాను."

"అయిదింటికి మెట్లు ఎత్తేస్తారండీ."

"విన్నావుగా, హెస్టర్?"

ఆయన నీళ్ళ సీసా కోసం బస్సు వైపు వెళ్ళాడు. ఆమె వెళ్ళలేదు. సంచి వైపు చూసింది.

"అయిదింటికి రాకపోతే ఏమవుతుందమ్మా?"

"మీ పాస్‌పోర్టు నాకిస్తారు. మిమ్మల్ని పక్క రేవుకు చేర్చే ఏర్పాటు చేస్తాం. ఊరికి పోతానన్నా పంపిస్తాం. మీ ఇష్టం."

"మీకే ఇస్తారా? ఆయనకు ఇవ్వరా?"

మొదటి ప్రశ్నకు చెన్సా ముప్ఫయ్యేళ్ళుగా జవాబు చెబుతోంది. రెండో ప్రశ్నను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"నాకే ఇస్తారమ్మా," అంది.

హెస్టర్ తల ఊపింది. బస్సులోంచి పేరు పిలిచారు. వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం చెన్సా ఎర్ర తలుపు తెరిచి పెట్టుకుని, టమాటా రుద్ది నూనె పోసిన రొట్టె తింది. ఆ గుమ్మంలోంచి కస్టమ్స్ హౌస్ మెట్లు కనబడతాయి. ఆమె కుర్చీని ఎప్పుడూ వాటికి వీపు పెట్టి వేసుకుంటుంది. ఇవాళ ఎందుకో అటే తిప్పుకుని కూర్చుంది.

నలభయ్యొక్క ఏళ్ళ కింద ఆస్ట్రేలియా ఓడ నౌకాశ్రయం నడుమ లంగరు వేసి ఉంది. వలస పోయేవాళ్ళను ఈ మెట్ల దగ్గర నుంచి చిన్న పడవల్లో ఓడకు చేరవేసేవారు. చెన్సాకు పెళ్ళయి పంతొమ్మిది రోజులు. భర్త విస్తిన్ చెడ్డవాడేం కాదు. కొట్టలేదు, తాగలేదు. పెట్టెలకు పేరు చీటీలు కడుతూ కడుతూ, ఒకటి మిగిలితే దాన్ని ఆమె కోటుకు పిన్నుతో గుచ్చాడు. దాని మీద అతని పేరు ఉంది. "తప్పిపోయినా ఎవరి సరుకో తెలుస్తుంది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె తల్లీ నవ్వింది. పెట్టెలతో అతను ముందు పడవలో వెళ్ళాడు. ఆమె తల్లికి ముద్దుపెట్టి, మిగతావాళ్ళతో తర్వాతి పడవలో రావాలి. తల్లిని ఇంటికి పంపించింది. పడవ ఎక్కలేదు. ఈ వంపు కింద, ఈ ఎర్ర తలుపు వెనకే నిలబడి, కోటుకున్న పిన్నును వేళ్ళతో పట్టుకుని, చూస్తూ ఉండిపోయింది.

ఒక్కటే అనుకుంది. అతను తన కోసం దిగి వస్తే వెళ్ళిపోతాను. పడవలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఓడ అంచున నిలబడిన విస్తిన్ ఆమెకు ఇక్కడికి కనబడుతూనే ఉన్నాడు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. చివరి పడవ ఓడ దగ్గర నుంచి బయలుదేరింది. అందులో తెడ్డు వేసేవాడు తప్ప ఎవరూ లేరు.

ఇంటికి వెళ్ళి, ఆలస్యమైందని చెప్పింది. అంతకంటే చెప్పడానికి వీలున్న మాట ఆ దీవిలో లేదు. ఓడ తప్పిన భార్యను చూసి లోకం అయ్యో అంటుంది; ఎక్కనన్న భార్యను బతకనివ్వదు. తర్వాతి ఓడకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆమెకు జ్వరం వచ్చింది. మరో ఉత్తరం వచ్చింది. తల్లికి పక్షవాతం వచ్చింది. ఆ ఒక్కటీ నిజం. మూడో ఏటికి ఉత్తరాలు ఆగిపోయాయి. విడాకుల చట్టం లేని దేశం. పెళ్ళి ముడి అలాగే ఉంది, మొగుడు లేడు. ఏటా ఈస్టరుకు ఇల్లు దీవించడానికి వచ్చే ఫాదరీ, "విస్తిన్ దగ్గర నుంచి కబురేమైనా...?" అని అడిగేవాడు. అతన్ని కబురు పెట్టమని మాత్రం ఏ ఫాదరీ, ఏ తండ్రీ, ఏ అన్నా అడిగినట్టు లేదు. కంపెనీలో ఊడ్చే పనికి కుదిరిన పదకొండేళ్ళకు, మేనేజరు ఈ సంచిని ఆమె చేతికిస్తూ, "ఓడ తప్పినవాళ్ళ గోడు నీకంటే ఎవరికి తెలుస్తుంది!" అని తన హాస్యానికి తనే మురిసిపోయాడు. ఆమె సంచి పుచ్చుకుంది. మంచి పని. దొంగతనం లేదు, అబద్ధం లేదు. అబద్ధం ఒకటి అప్పటికే చెప్పి ఉంది కనుక మరొకటి చెప్పకుండా జాగ్రత్తగా బతికింది.

నాలుగుంబావుకు ముసలాయన తిరిగొచ్చాడు. ఒక్కడే.

"ఏదో దుకాణం చూసి వస్తానంది. పది నిమిషాలు ఆగాను," అన్నాడు మెట్ల దగ్గర కాపలావాడితో. "నాలుగున్నరకు టీ ఇస్తారు కదా?"

అయిదుకు పావుగంట ఉందనగా యువ అధికారి దిగి వచ్చి, ఒక్క పాస్‌పోర్టు చెన్సా చేతిలో పెట్టాడు. హెస్టర్ ఆల్డ్రిడ్జ్. ఆమె దాన్ని సంచిలో వేసి జిప్పు లాగింది. ఎక్కడా పట్టెయ్యలేదు.

బాల్కనీల నిండా మనుషులు చేరారు. ఇది వాళ్ళకు అలవాటైన వినోదం. ఆలస్యంగా వచ్చేవాళ్ళు సంచులు ఊగులాడుతూ పరుగెడుతుంటే, పైనుంచి గ్లాసులు పట్టుకుని చప్పట్లు కొడతారు. ఆరో అంతస్తులో ముసలాయన తెల్ల కోటు వేసుకుని నిలబడ్డాడు. "హెస్టర్!" అని అరిచాడు. పక్క బాల్కనీ వాళ్ళు కూడా అందుకున్నారు. "హెస్టర్! హెస్టర్!" పాటలా ఉంది.

చెన్సా రేవు పొడుగునా చూసింది. గిడ్డంగులు, స్తంభాలు, స్పీరు బండి. గుర్రం కడుపు కింద నుంచి, అవతలి పక్కన, రెండు తెల్లటి గుడ్డ బూట్లు కనబడ్డాయి. పక్కపక్కన పెట్టి, కదలకుండా.

స్పీరు కూడా చూశాడు. నోరు తెరిచాడు. చెన్సా అతని వైపు చూసింది. రేవులో ఎవరి రహస్యాన్నీ పూట గడవనివ్వని ఆ మనిషి, ఏం చూశాడో ఏమో ఆమె ముఖంలో, నోరు మూసుకున్నాడు.

అధికారి ఫోనులో పైనున్న ముసలాయనతో మాట్లాడుతున్నాడు. "కెప్టెన్ గారు ఇంకో అయిదు నిమిషాలు ఆగుతామన్నారు. మెట్లు దించే ఉన్నాయి సార్, మీరు కావాలంటే దిగి వెతుక్కోవచ్చు... ఆ, అంతకు మించి ఓడ ఆగదు సార్. మీరిద్దరూ క్రీటులో వచ్చి కలుసుకోవచ్చు." కాసేపు విన్నాడు. ఫోను దించి, "నలుగురిలో నవ్వులపాలు కానంటున్నాడు. ఆమే దారి కనుక్కుని వస్తుందట," అన్నాడు.

ఓడ మెట్లు ఇరవై మూడు. చెన్సాకు తెలుసు, ఈ ఓడ వచ్చినప్పుడల్లా చూసేవే. ముసలివాడే కానీ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పొద్దున చకచకా దిగాడు. ఆమె ఆ మెట్ల పైకొస వైపు చూస్తూ నిలబడింది. దిగి వస్తే చెప్పేద్దాం. ఒక్క మెట్టు దిగినా చెప్పేద్దాం. నలభయ్యొక్క ఏళ్ళ కింద అనుకున్నదే, మాట మారకుండా, మళ్ళీ అనుకుంది. పైన ముసలాయన గడియారం చూసుకున్నాడు. గ్లాసును రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"అమ్మా, మీకెక్కడైనా కనబడుతోందా?" అధికారి అడిగాడు. "కనబడుతోందంటే ఆపిస్తాను."

"ఎవరూ కనబడటం లేదు బాబూ," అంది చెన్సా.

మెట్లు పైకి లేచాయి. తాళ్ళు విప్పారు. ఓడ అంగుళం, అడుగు, బారెడు జరిగి, నీళ్ళు చూపించి, మూడుసార్లు కూసి, అలలను ఆపే రాతిగోడ దాటింది. దాని వెనక కోటగోడ మొత్తంగా బయటపడింది, తేనె రంగులో, సాయంత్రపు ఎండతో సహా.

గుర్రం చాటు నుంచి హెస్టర్ వచ్చింది. చెన్సా కుర్చీ తెచ్చి ఎర్ర తలుపు ముందు వేసింది. టీ పోసింది.

"మీరు నన్ను చూశారు," అంది హెస్టర్.

"చూశాను."

"ఆయన దిగుతారేమోనని భయపడ్డాను. దిగి ఉంటే వెళ్ళిపోయేదాన్ని." ఆమె ముఖం ఏడుపుకు సిద్ధపడి, దారిలో మనసు మార్చుకుని, నవ్వులో తేలింది. "ఇంగ్లండులో మా చెల్లెలి ఇంట్లో నా కోసం ఒక గది ఉంది. నాలుగేళ్ళుగా ఉంది."

స్పీరు టోపీ చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "పాపం, ఓడ తప్పింది," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనుక.

"తప్పలేదు," అంది చెన్సా. "ఈవిడా తప్పలేదు, నేనూ తప్పలేదు. ఆ తలుపు వెనక నిలబడి చూశాను. చివరి పడవ ఖాళీగా వచ్చేదాకా చూశాను. ఆ తర్వాతే ఇంటికెళ్ళాను."

స్పీరు టోపీ అంచు తిప్పాడు. "మరి ఇన్నేళ్ళూ నోరారా పిలుస్తుంటే ఊరుకున్నావేమే?"

"నువ్వు పిలిచినన్నాళ్ళూ ఊరు నమ్ముతోందని ధైర్యంగా ఉండేది."

"ఇప్పుడేమని పిలవను?"

"చెన్సా అను. చిన్న పేరేగా, నోరు నొప్పెట్టదు."

భుజాల మీద నుంచి ఏదో బరువు దిగిందని అనడం అందరూ చేసే పని. చెన్సాకు అలా ఏమీ అనిపించలేదు. ఆకలేసింది. మధ్యాహ్నం రొట్టె తిని కూడా, ఇరవయ్యొక్క ఏళ్ళ పిల్లకు వేసినట్టు ఆకలేసింది. ముగ్గురూ కలిసి ఊళ్ళోకి వెళ్ళి, బఠానీ కూరిన వేడి వేడి పస్తీజీ పఫ్‌లు తిందామని ఆమే అంది. కంపెనీకి అక్కడి నుంచే ఫోను చేయొచ్చు.

సంచిలోంచి పాస్‌పోర్టు తీసి హెస్టర్ చేతికిచ్చింది. హెస్టర్ రెండు చేతులతో పుచ్చుకుంది. తర్వాత తల వంచి, గౌను మీది చీటీని ఒక మూల గోటితో లేపి, మెల్లగా, గుడ్డ చిరగకుండా, పూర్తిగా ఊడదీసింది. ఎక్కడ పారేయాలో తెలియక అటూ ఇటూ చూసి, పక్కనే ఉన్న తలుపుకు అంటించింది.

స్పీరు బండి ఎక్కించాడు. గుర్రం ఎత్తు దారిలో ఇద్దరు ఆడవాళ్ళ నవ్వును లాక్కుంటూ పైకి వెళ్ళింది. రేవులో ఎవరూ లేరు. ఎర్ర తలుపు మీద, ఒక మనిషి గుండె ఉండే ఎత్తులో, పదిహేడో నంబరు చీటీ కొంచెం వంకరగా అంటుకుని ఉంది.