ముగ్గుపిండిలో నల్లగీత

నేను ఒక డీజిల్ ఇంజనుకు మూతను. మెకానిక్కులు హెడ్డు అంటారు. తల అన్న పేరే గాని, ఆలోచించే పని నాకెవరూ అప్పజెప్పలేదు. కింద సిలిండరులో మంట పుడుతుంది. అది పైకి తన్నకుండా అదిమిపట్టి కూర్చోవడమే నా ఉద్యోగం. నాలో రెండు వాల్వులుంటాయి. ఒకటి గాలిని రానిస్తుంది, రెండోది పొగను పోనిస్తుంది. రెండూ తమ గుంటల్లో బిగువుగా కూర్చుంటే ఇంజను నడుస్తుంది. వెంట్రుకంత సందు ఇచ్చినా నడవదు.

కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి నన్ను చేశారు. పోసినవాడు నా వేడితోనే బీడీ అంటించుకుని, నా వంక చూడకుండా పక్క అచ్చు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక కారం మరలో పనిచేశాను. ఊరికి కరెంటు బాగా రావడం మొదలయ్యాక మర యజమాని మోటారు పెట్టించాడు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిందని నాకు బొట్టు పెట్టి దండం పెట్టాడు. మర్నాడు పాత సామాన్ల కొట్టుకు అమ్మేశాడు. మనుషులకు ఈ రెండు పనుల మధ్య ఏ ఇబ్బందీ ఉండదు.

అనకాపల్లిలో ఆ కొట్టు వెనక, విరిగిన ఫ్యాన్ల కింద వానకు తడిసి తుప్పు పట్టాను. అక్కడికి దాలినాయుడు వచ్చాడు. చోడవరం అవతల పల్లెలో చెరుకు గానుగ నడుపుకునే మనిషి. నన్ను తిరగేసి, వాల్వులు కదిపి, వేలు పెట్టి లోపలంతా తడిమాడు.

"బాగుంటే ఇక్కడెందుకుంటాది నాయుడూ," అన్నాడు కొట్టువాడు.

"నువ్వు బాగానే ఉన్నావు గదా. ఇక్కడే ఉన్నావు," అన్నాడు దాలినాయుడు.

ఆ రోజుకు ఆయన మాట్లాడింది అంతే. సైకిలు ట్యూబు ముక్కతో నన్ను బండి వెనక కట్టుకుని తీసుకుపోయాడు.

గానుగ పాక చేరాక సంగతి తెలిసింది. అక్కడి ఇంజను రోలర్లను తిప్పుతుంది, రోలర్లు చెరుకును పిండుతాయి, రసం పెనంలో కాగి బెల్లమవుతుంది. ఇప్పుడా ఇంజను మీద మూత లేదు. పాత హెడ్డు పగిలి మూలన పడి ఉంది. పాక ముందు నరికిన చెరుకు మోపులు పేర్చి ఉన్నాయి. ఆ చెరుకు దాలినాయుడు భార్య చిన్నమ్మలు తమ్ముడు సన్నిబాబుది. నరికిన చెరుకు ఆగదు. నాలుగు ఎండలు తగిలితే రసం పులుస్తుంది, పాకం గట్టిపడక బంకలా సాగుతుంది. దాన్ని పక్కూరి గానుగకు తోలుకుపోతే సన్నిబాబు ఏడాది కష్టం దక్కుతుంది. కానీ సొంత బావమరిదే అటు పోయాడంటే మిగతా రైతులెవరూ ఈ పాక మెట్టెక్కరు. గానుగ మూతపడుతుంది.

పాత హెడ్డు పగలడానికి కారణం కూడా సన్నిబాబే. దాలినాయుడు అన్నానికి వెళ్ళినప్పుడు, ఇంజనును చల్లబరిచే డ్రమ్ములో నీళ్ళయిపోయి ఇంజను కాలిపోతుంటే, సాయం చేద్దామని బావి నీళ్ళు బిందెడు కుమ్మరించాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో అదే అయింది. అప్పట్నుంచి దాలినాయుడు దాని గురించి ఒక్క మాట అనలేదు. సన్నిబాబు మాత్రం నోరు మూయడం లేదు.

"ఏటి బావా, పాత సామాన్ల కొట్టు కాడ తలకాయ కొనుక్కొచ్చేవంట. ఇంజనుకా, నీకా?"

"నీకే తెమ్మన్నానురా తమ్ముడా," అంది చిన్నమ్మలు. "నీ సైజు నేదంట."

కొత్త హెడ్డు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే డబ్బెక్కడుందన్న జవాబే వస్తుందని అందరికీ తెలుసు.

ఇంటి పంచలోనే పని మొదలైంది. నన్ను కిరసనాయిల్లో నానబెట్టారు. దాలినాయుడు తొందరలో స్క్రూడ్రైవరుతో నా మసిని గీకాడు. చిన్నమ్మలు ఆ చప్పుడు వినలేక వెదురు పేడు చెక్కి చేతికిచ్చింది. నీళ్ళు తిరిగే నా దారుల్లో గార కట్టి ఉంటే చింతపండు పులుసు పోసి కడిగింది. వాల్వు కాడకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి, గుంటకు గరుకు పేస్టు రాసి, మజ్జిగ కవ్వంలా అరచేతుల మధ్య తిప్పారు. ఆయన చేతులు నొప్పెడితే ఆమె, ఆమెకు పొయ్యి పనుంటే ఆయన. మొదట గరగరలాడింది. పోనుపోను మెత్తబడి, పట్టు మీద చెయ్యి రాసినట్టు వినిపించింది.

నా అడుగు చదును చేయడానికి చదునైన వస్తువు కావలసి వచ్చింది. చిన్నమ్మలు గోడ మీది అద్దం దించింది. దాని అంచున అతికించిన బొట్టుబిళ్ళలు ఒక్కొక్కటే ఒలిచేసింది.

"మొకం సూసుకోడానికి తీరికెక్కడుంది గాని, పట్టుకెల్లు మావా."

అద్దం మీద గరుకు ఎమరీ కాగితం పరిచి నన్ను గుండ్రంగా తోమారు. తర్వాత కాగితం తీసి, అద్దానికి ఆమె కాటుక పల్చగా పూసి, నన్ను ఆనించి ఎత్తారు. నలుపు అంటిన చోటు ఎత్తు, అంటనిది పల్లం. అంతటా సమంగా నల్లబడేదాకా మళ్ళీ తోమారు. అద్దం, కాటుక. ఇనుముగా పుట్టి ఇంత ముస్తాబు చేయించుకున్నది నేనే అయ్యుంటాను.

ఒక పరీక్ష మిగిలింది. నిజానికి అది ముందు చేయవలసినది. మనుషులు దేనికి భయపడతారో దాన్ని చివరికి నెట్టుకుంటారు. ఒళ్ళంతా కిరసనాయిలు పూసి, గుడ్డతో తుడిచి, తెల్లటి పొడి చల్లాలి. లోపల పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు పైకి ఊరి, తెలుపులో నల్లగీత కనిపిస్తుంది. చిన్నమ్మలు ముగ్గుపిండి జల్లెడ పట్టి చల్లింది.

సరిగ్గా అప్పుడే సన్నిబాబు ట్రాక్టరుతో వచ్చాడు.

"బావా, ఇంక నాను ఆగలేను. పక్కూరి గానుగోడు ఖాళీగా ఉన్నాడు. ఎత్తీస్తాను మరి."

దాలినాయుడు తలెత్తలేదు. నా రెండు వాల్వుల మధ్య ఇరుకు చోట సన్నటి నల్లగీత ఊరుతోంది. నా లోపల ఏముందో నాకూ తెలియదు. సన్నిబాబు వంగి చూశాడు.

"నువ్వు స్క్రూడ్రైవరుతో గీకింది అక్కడే కాదా మావా?" అంది చిన్నమ్మలు మెల్లగా.

"అక్కడే." ఆయన నన్ను పొడి గుడ్డతో గట్టిగా తుడిచాడు. "గీతయితే ఒక్కపాలే కక్కుతాది. పగులయితే మల్లీ మల్లీ కక్కుతాది. సల్లు."

ఆమె మళ్ళీ చల్లింది. ముగ్గురూ గొంతుక్కూర్చున్నారు. సన్నిబాబు మొహం ఎంత దగ్గరగా పెట్టాడంటే పిండి కదిలింది.

"ఊపిరాపు," అన్నాడు దాలినాయుడు.

అతను నిజంగానే ఆపాడు. నీడ పంచ మెట్టు దిగింది. ట్రాక్టరు డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. పిండి తెల్లగానే ఉంది. దాలినాయుడు గోటితో ఆ చోటు రాశాడు. గోరు గీత అడుగుకు తగిలింది. పైపై గీతే.

సన్నిబాబు లేచి ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"ఎల్లిపో. పని నేదు."

"నాకు డీజిలు కొట్టించేవు కదా, మరదీ?" అన్నాడు డ్రైవరు.

"మా బావ ఇంజనుకి పోసీ."

తర్వాత ఎవరూ అడగకుండానే చెరుకు మోపుల మీద ఆకు కప్పి, బిందెలతో నీళ్ళు మోసి తడిపాడు. ఎండ వాలేదాకా మోస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున నన్ను ఇంజను మీద కూర్చోబెట్టారు. దాలినాయుడు ఎదురుబొదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగిస్తున్నాడు. సన్నిబాబు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆ పూట ఆ నీల్లు నానే..."

"ఆ స్పేనరిలా అందుకో," అన్నాడు దాలినాయుడు.

ఇద్దరూ కలిసి హ్యాండిలు తిప్పారు. మొదటి తిప్పుకు తెల్లటి పొగ ఉమ్మాను. రెండోసారి నా కింద గాలి నలిగింది. ఎక్కడికీ జారలేదు. మంట పుట్టి నన్ను కిందనుంచి గుద్దింది. ఎన్నేళ్ళయిందో ఆ దెబ్బ తిని. కదలకుండా కూర్చున్నాను. రోలర్లు తిరిగాయి, మోపులు తరిగాయి, రసం పెనంలోకి పారింది.

రసం చాలయ్యాక ఇంజను ఆపారు. పొయ్యి దగ్గర చిన్నమ్మలు పాకం చుక్క నీళ్ళలో వేసింది. సన్నిబాబు అక్క పక్కనే చతికిలబడ్డాడు.

"ఏటప్పా? సాగుతందా?"

ఆమె నీళ్ళలోనే వేళ్ళతో ఉండ చేసి, తీసి, పళ్ళేనికేసి కొట్టింది. ఠంగుమని మోగింది. అది నాక్కూడా వినిపించింది. ఆమె ఆ ఉండను తమ్ముడి నోట్లో పెట్టింది.

పొద్దున ఇంజను చప్పుడు విని కాబోలు, రోడ్డున పోతున్న రైతొకడు సైకిలు ఆపాడు.

"నాయుడూ, నా సెరుకు రేపు నరకమంటావా, ఆగమంటావా?"

దాలినాయుడు చల్లారిన నా మీద చెయ్యి వేసి చూస్తున్నాడు. ఆయనకు మాట రావడానికి ఎప్పుడూ కొంత సేపు పడుతుంది.

"నరికీ," అన్నాడు సన్నిబాబు. నోటినిండా బెల్లం ఉండబట్టి మాట ముద్దగా వచ్చింది. రోడ్డు మీది మనిషికి అర్థమయింది. తలూపి సైకిలెక్కాడు.