తెల్లగోడ ముందు

"మనింట్లో తెల్లగోడ ఎక్కడుందమ్మాయ్?" అని వేదవతి అడిగినప్పుడు శ్రీకళ దోసెపిండి రుబ్బుతోంది. సరిగ్గా వినపడక గ్రైండర్ ఆపి చూసింది. అరవై ఆరేళ్ల అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోన్ ముందుకు చాపి, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా చూస్తోంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదకొండేళ్లలో శ్రీకళ ఆ చూపు ఎన్నడూ ఎరగదు.

ఫోన్‌లో ఉన్నది సుమిత్రమ్మ పంపిన మెసేజ్. ఆవిడ వేదవతితో పాటు పొద్దున్నే పార్కులో నడుస్తుంది. ఈ మధ్య ఏదో సీరియల్లో పెళ్లి సీనుకి వెనక వరసలో కూర్చుని వచ్చింది. ఇప్పుడు ఇంకో సీరియల్‌కి బామ్మ కావాలట. మేకప్ లేకుండా, తెల్లగోడ ముందు, పగటి వెలుతురులో ఫొటోలు తీసి పంపాలట. ఎదురుగా ఒకటి, పక్కకి తిరిగి ఒకటి, నిలువెత్తున ఒకటి. నచ్చితే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర స్టూడియోకి పిలుస్తారు.

"తెనాలిలో కాలేజీ నాటకంలో వేశాను నేను. మొదటి బహుమతి ఇచ్చారు," అంది వేదవతి గొంతు తగ్గించి. "పెళ్లిచూపుల్లో ఆ ఊసెత్తొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. మీ మామయ్యకి ఇప్పటికీ తెలీదు."

హాలు గోడల నిండా క్యాలెండర్లు, పాప గీసిన క్రేయాన్ గీతలు. పడగ్గదులకి గులాబీ రంగు. తెల్లగోడ ఒక్కచోటే ఉంది, వంటింటి వెనక బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన. ఎల్బీనగర్‌లో ఆ ఫ్లాటు కొన్నప్పటి నుంచీ ఆ గోడతో పరిచయం ఉన్నది శ్రీకళకే. రోజూ తెల్లవారకముందే అక్కడ బట్టలు ఆరేసి, వంట ముగించి, మెట్రో ఎక్కి మూడు స్టేషన్ల అవతల దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్‌కి కెమిస్ట్రీ చెప్పడానికి పోతుంది.

ఆదివారం ఎనిమిదింటికి తీగ మీది బట్టలన్నీ తీసేసి అత్తగారిని ఆ గోడ ముందు నిలబెట్టింది. వేదవతి నేతచీర కట్టుకుని, పౌడరు కూడా లేకుండా వచ్చింది.

"నవ్వనా?"

"వద్దు అత్తయ్యా. మొహంలో ఏం పెట్టకండి."

"ఏం పెట్టకుండా ఎట్టా ఉండేది?"

నిజంగానే ఆవిడకి చేతకాలేదు. ఒకసారి చుట్టాలకి చూపించే నవ్వు వచ్చింది. అది తీసేయమంటే కూరలో ఉప్పు తగ్గినప్పుడు లేచే కనుబొమ వచ్చింది. శ్రీకళకి ఆ కనుబొమ కంఠతా వచ్చు. 'మా ఇళ్లల్లో ముక్కలు ఇంత పెద్దవి తరగరమ్మా.' 'ఏంది అనకు, పాపకి అదే అలవాటవుతుంది.' బాటసింగారం నుంచి నాన్న ఐలయ్య మామిడిపండ్ల డబ్బా మోసుకొచ్చిన రోజున, 'మీ నాన్నగారికి ఆ విడిగా పెట్టిన స్టీలు గ్లాసులో ఇవ్వు టీ.' ఆ మాటలన్నీ వింటూ ఇన్నేళ్లూ శ్రీకళ చూసింది ఆ మొహాన్ని కాదు, దాని కింద మెడలో నల్లపూసల్ని. కళ్లలోకి చూస్తే తనకి కోపం వస్తుందని భయం. ఇప్పుడు మధ్యలో ఫోన్ ఉంది కాబట్టి తీరిగ్గా చూడొచ్చు. ఎడమ కంటి కింద చిన్న మచ్చ ఉంది. పైపెదవి మీద నిలువుగా గీతలున్నాయి. చెప్పాల్సిన మాటలు చాలాకాలం బిగబట్టుకున్న మనిషి పెదవి అది. తన పెదవి కూడా ఇలాగే అవుతుందా అనుకుంది.

"వేదా! కాఫీ!" హాల్లోంచి మామగారు సాంబమూర్తి కేక.

ఆ ఇంట్లో ఆ కేకకి ఒక దారి ఉంది. ఆయన "వేదా" అంటాడు, ఆవిడ "శ్రీకళా" అంటుంది, శ్రీకళ స్టవ్ వెలిగిస్తుంది. కానీ ఈసారి పిలుపు చెవిన పడ్డాక, బదులిచ్చే లోపల ఒక్క క్షణం వేదవతి మొహంలో ఏమీ లేదు. నవ్వు లేదు, పెత్తనం లేదు. శ్రీకళ బటన్ నొక్కింది.

వేదవతి ఆ ఫొటోని చాలాసేపు చూసుకుంది. "ఇంత అలిసిపోయున్నానా నేను!" అంది మెల్లగా. అప్పుడే అటొచ్చిన రాఘవేంద్ర తల్లి భుజం మీదుగా తొంగిచూసి, "ఇదేం బాలేదమ్మా, నవ్వేది పంపించు," అన్నాడు. వేదవతి కొడుకు వైపు చూడలేదు. "ఇదే పంపు శ్రీకళా," అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. మంగళవారం పొద్దున తొమ్మిదికి స్టూడియోకి రావాలి, సాయంత్రం దాకా ఉండాలి. అత్తగారు ఫోన్ చేసి ఆ కబురు చెప్పగానే శ్రీకళ స్టాఫ్‌రూమ్‌లో ఒక్కతే నవ్వుకుంది. వచ్చేటప్పుడు పావుకిలో జిలేబీ కూడా కట్టించుకుంది.

సాయంత్రం టీ తాగుతూ సాంబమూర్తి పేపరు మడిచాడు. "ఈ వయసులో వేషాలేమిటో! సరే, సరదా పడుతున్నావు, వెళ్లు. మరి మంగళవారం నా భోజనం సంగతి?"

వేదవతి జిలేబీ తుంచుకుంటూ, ఆలోచించనైనా లేదు. "శ్రీకళ సెలవు పెడుతుంది లెండి."

"ఒక్కరోజేగా, పెడుతుంది," అన్నాడు రాఘవేంద్ర ఫోన్లోంచి తలెత్తకుండా.

శ్రీకళ టీ కప్పు కింద పెట్టింది. మామగారి కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టింది తనే. అత్తగారి చెల్లెలి గృహప్రవేశానికీ, ప్లంబరు వస్తాడని పొద్దుటి నుంచి కాచుకోడానికీ తనే. 'మీ ఇంట్లో మనుషులు మీరొక్కరేనా మేడం?' అని ప్రిన్సిపాల్ అందరి ముందూ అడిగినప్పుడు నవ్వి ఊరుకుంది. తన తర్వాత మూడేళ్లకి చేరిన వినయ్‌ని హెచ్‌ఓడీ చేసి, 'మీకు ఇంటి బాధ్యతలెక్కువ కదా' అన్నప్పుడు కూడా ఊరుకుంది. ఆ సెలవుల గురించి ఇంట్లో ఏనాడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. తెల్లారితే ఎండ వస్తుంది అన్నంత మామూలుగా సెలవు పెడుతుంది అన్నారు. అందరికంటే ఎక్కువ నొప్పి పెట్టింది అత్తగారి మాట. ఆవిడ గడప దాటుతుంటే తనే గడప దాటుతున్నట్టు పొంగిపోయింది కదా! ఆవిడ వదిలి వెళ్లే సంకెల తన కాలికి తగులుకుంటుందని తట్టనే లేదు. ఆవిడని వెళ్లొద్దనాలని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

"నేను సెలవు పెట్ట," అంది. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో అదుపులో పెట్టుకున్న తన అమ్మ పూలమ్మ యాస, దానంతటదే నోట్లోకి వచ్చేసింది.

వేదవతి తలెత్తింది. "అయితే నన్ను మానుకోమంటావా?"

"మీరెందుకు మానుకుంటరు అత్తయ్యా? మీరు పోవాలె. నేనే కారు బుక్ చేసి ఎక్కిస్త. మంగళవారానికి ఇంక నాలుగు రోజులున్నయ్. కుక్కర్ ఎట్ల పెట్టాల్నో మామయ్యగారికి చూపెడత. రాఘవకి గూడ."

"నాన్నగారికా? డెబ్భై ఏళ్లొచ్చాక కొత్తగా వంట నేర్చుకోవాలా?" అన్నాడు రాఘవేంద్ర, ఫోన్ పక్కన పెట్టి.

"అరవై ఆరేండ్లకు అత్తయ్య కొత్త పనికి పోతలేదా?"

శ్రీకళ గొంతు పెంచలేదు. వేదవతి చేతిలో సగం జిలేబీ ప్లేటులో పెట్టేసింది, కొంగుతో వేళ్లు తుడుచుకుంది, లేచి భర్త ఒళ్లోని పేపరు తీసి పక్కన పడేసింది.

"లేవండి. మొదట బియ్యం ఎక్కడుంటాయో తెలుసుకుందురుగాని."

ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. కాసేపటికి డబ్బాల మూతలు ఒకటొకటిగా తెరుచుకుంటూ మూసుకుంటూ చప్పుడు చేశాయి. "ఇది రవ్వ కాదూ?" అంటున్నాడు సాంబమూర్తి. "కాదు, వరిపిండి... ఉండండి, ఆ కిందది తీయండి," అంటోంది వేదవతి. రాఘవేంద్ర భార్య వైపు చూశాడు, వెళ్లి చూపించరాదా అన్నట్టు.

"శ్రీకళా!" అత్తగారి గొంతు. ఈసారి అందులో అధికారం లేదు, కొంచెం సిగ్గుంది. "బియ్యం ఎక్కడ పోస్తున్నావమ్మా?"

శ్రీకళ లేవలేదు. చల్లారిన టీ ఒక గుక్క తాగి, కాళ్లు చాపుకుని, అంది:

"ఎతుకుండ్రి అత్తయ్యా. ఆ వంటింట్లనే ఉన్నయ్."