మూత తీయని పెళ్లిళ్లు

తణుకులో కుసుమ వీడియో తీసిన పెళ్లిళ్లన్నీ ఆకాశంలో ఉంటాయి. మేడమీద ఆమె ఒంటిగది స్టూడియోలో ఉన్నవి ఉత్త అట్టపెట్టెలు. ఒక్కో పెట్టె మీద పెళ్లివారి పేరు, పక్కనే చిన్న మబ్బు గుర్తు. లోపల ఏమీ ఉండదు. మూత తీస్తే మాత్రం పెళ్లి మొత్తం కిందికి దిగుతుంది. అందుకే ఆమె ఏ మూతా తీయదు. మిగిలిన కాస్త జాగాలో పాలు తాగే కూతురు చిన్మయి ఊయల వేలాడుతోంది.

ఇంటి ఓనరు పంపితే చెదలు చూసే సింహాద్రి వస్తాడు. వచ్చీ రాగానే ఒక పెట్టె మీద చెయ్యి వేస్తాడు.

"తియ్యకండి! పైన గుర్తు చూసి వదిలెయ్యండి," అంటుంది కుసుమ.

"మూత తియ్యకుండా చెదలున్నాయో లేదో ఎలా తెలుస్తాదండి?"

"చెదలు తినడానికి లోపల ఏవుందండీ?"

"అదీ తీసి చూస్తేనే కదండీ తెలిసేది!" అని తీసేస్తాడు.

కప్పులోంచి సన్నాయి మేళం, పందిరి, బంధుజనం దిగుతారు. "పొరపాటున పిలిచినట్టున్నారు, వెళ్లొస్తాం," అంటారు మర్యాదగా. కుసుమ సరేనంటే సరిపోయేది. గడప తొక్కినవాళ్లను ఎన్నడూ ఉత్తినే పంపని నోరాయె, "అయ్యో, భోంచేసి వెళ్లండి!" అనేస్తుంది. వాళ్లు వెంటనే బంతికి కూర్చుంటారు.

సింహాద్రి ఇంకో పెట్టె తీస్తాడు, ఆ పక్కదీ తీస్తాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. దిగినవాళ్లందరికీ కుసుమ నోరు అదే మాట చెబుతుంది. జనం ఊయలను గోడకు నొక్కేస్తారు. పాపకు ఊపిరాడటం లేదు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లను లేపడం కుదరదు. పైకి పంపగలిగింది ఒక్కరినే.

పాపను ముద్దుపెట్టుకుని, ఊయల గుడ్డ మీద కాటుకతో మబ్బు గీస్తుంది. ఊయల తేలికైపోతుంది. పాప పైకి వెళ్లిపోయి, అందులో పేరు మాత్రం మిగులుతుంది.

సింహాద్రి ఊయల మీదికి వంగుతాడు.

"మీకు పుణ్యముంటుంది, అది మాత్రం తియ్యకండి."

"పైన మబ్బు గుర్తుంది కదండీ, ఇంకెందుకూ తియ్యడం," అని అతను మెట్లు దిగిపోతాడు.

బంతి వెనక బంతి లేస్తుంది. వడ్డించి వడ్డించి కుసుమ జుట్టు నెరిసి, నడుము వంగిపోతుంది. ఆఖరి బంతివాళ్లు తాంబూలాలు పుచ్చుకుని పైకి వెళ్లగానే ఆమె పరుగున వచ్చి ఊయల గుడ్డ తొలగిస్తుంది.

"దామ్మా, దిగు తల్లీ!"

కప్పులోంచి ముందు పాదాలు దిగుతాయి. వాటికి పారాణి, వేళ్లకు మెట్టెలు. కుసుమ ఆ పెద్ద పాదాలను రెండు చేతులా పట్టుకుని ఊయలలో సర్దుతుంది. మిగతా మనిషి ఇంకా దిగుతూనే ఉంది.